అంకెల్లో అంతరాన్ని చదవడం – 4వ పాఠం: హారం ఎవరిది?

గత పాఠంలో రెండు శాతాల మధ్య తేడాను తీసివేతతో ఒకసారి, భాగహారంతో మరొకసారి కొలవడం సాధన చేశాం. ఈసారి గీతకు దిగువన ఉండే హారాన్ని పరిశీలిద్దాం. ఉదాహరణ అమెరికాది: మాదకద్రవ్యాల కేసులో పట్టుబడినవారిని జైలుకు బదులు వ్యసన చికిత్సకు పంపడంలో జాతిని బట్టి కనిపించే వ్యత్యాసం. అక్కడ తొలి డ్రగ్ కోర్టు (నిందితుడిని జైలుకు బదులు జడ్జి పర్యవేక్షణలో చికిత్సకు పంపే కోర్టు) 1989లో ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీలో మొదలైంది. కాలిఫోర్నియా ఓటర్లు 2000 నవంబరులో ఆమోదించిన 36వ ప్రతిపాదన, తమ వాడకానికి మత్తుపదార్థాలు దగ్గర ఉంచుకుని పట్టుబడిన, హింసతో సంబంధంలేని నిందితుల్లో చాలామందికి 2001 జూలై నుంచి చికిత్స దారి తెరిచింది. ఇటువంటి ఏర్పాట్లు విస్తరించినకొద్దీ, ఆ దారిలోకి ఎవరిని రానిస్తున్నారన్న ప్రశ్న కూడా బలపడింది.

కాగితం, పెన్సిలు తీసుకోండి. ఈ కింది అంకెలు సాధన కోసం నేను కల్పించినవి. ఏ ఊరి లెక్కలూ కావు. ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఒక ఏడాది మాదకద్రవ్యాల కేసుల్లో 1,000 మంది నల్లజాతివారు, 1,000 మంది తెల్లజాతివారు అరెస్టయ్యారు. కోర్టు చికిత్సకు పంపినవారు నల్లజాతిలో 150 మంది, తెల్లజాతిలో 300 మంది. శాతాలు 15, 30, నిష్పత్తి 0.5. అంటే నల్లజాతి నిందితుడికి చికిత్స అవకాశం తెల్లజాతి నిందితుడికి ఉన్నదానిలో సగం.

ఇప్పుడు కోర్టు వదిలి అదే కౌంటీలోని చికిత్స కేంద్రాల రిజిస్టరు తెరవండి. ఆ ఏడాది చేరికలు నల్లజాతివారివి 250, తెల్లజాతివారివి 1,000. కోర్టు పంపగా వచ్చినవారు పైన చెప్పిన 150, 300 మందే. మిగిలినవారు తమంతట తాముగానో, డాక్టరు చెబితేనో, ఇంట్లోవాళ్లు తీసుకొస్తేనో వచ్చారు. ఈ హారంతో శాతాలు 60, 30 అవుతాయి, నిష్పత్తి 2. లవాలు ఒక్కటి కూడా మారలేదు, అయినా సగం కాస్తా రెట్టింపు అయింది. "నల్లజాతివారిని కోర్టులు రెండింతలు ఎక్కువగా చికిత్సకు పంపుతున్నాయి" అని ఎవరైనా ఈ రిజిస్టరు చూసి రాస్తే, అంకె తప్పు కాదు గానీ వాక్యం తప్పు. ఆ రిజిస్టరు నిజానికి చెబుతున్న సంగతి వేరు: బీమా, కుటుంబ వైద్యుడు, సెలవు ఇచ్చే ఉద్యోగం ఉన్నవారికి చికిత్సకు చేరే దారులు అనేకం ఉండగా, అవి లేనివారిలో చాలామందికి కోర్టు గుమ్మమే మిగిలి ఉండవచ్చు.

ఈ పొరపాటు ఊహాజనితమైనది కాదు. అమెరికా సమాఖ్య ప్రభుత్వం ప్రకటించే చికిత్స చేరికల దత్తాంశం, టెడ్స్ అని పిలిచేది, ప్రతి చేరికకూ "ఎవరు పంపారు" అన్న గడిని నింపుతుంది. కోర్టులు, ప్రొబేషను వగైరాలు అందులో ఒక వర్గం. దాని హారం చేరికలే తప్ప అరెస్టులు కావు. పైగా అది మనుషుల లెక్క కూడా కాదు: ఒకే వ్యక్తి ఏడాదిలో రెండుసార్లు చేరితే రెండు వరుసలు పడతాయి. (అక్కడున్న మన తెలుగువారు ఇటువంటి పట్టికల్లో "ఏషియన్" అనే ఒక్క గడిలో చైనా, వియత్నాం, ఫిలిప్పీన్స్ మూలాలవారితో కలిసిపోతారు కనుక, మనవాళ్ల గురించి వాటి నుంచి ఏమీ తేల్చలేము.)

తర్వాతి మెట్టు కొంచెం కష్టమైనది. అరెస్టుకూ చికిత్సకూ మధ్య అనేక నిర్ణయాలుంటాయి: ప్రాసిక్యూటర్ ఏ అభియోగం మోపుతారు, నిందితుడు అర్హుడా, అర్హుడైతే అవకాశం ఇచ్చారా, ఇస్తే ఒప్పుకున్నాడా. మన కౌంటీలో అర్హులుగా తేలినవారు నల్లజాతిలో 300, తెల్లజాతిలో 400 అనుకోండి. అర్హత దశ నిష్పత్తి 30 బై 40, అంటే 0.75. అర్హుల్లో చికిత్సకు వెళ్లినవారు 50 శాతం, 75 శాతం; నిష్పత్తి 0.67. రెండింటినీ గుణిస్తే మొదటి 0.5 తిరిగి వస్తుంది. అంతరం ఒక్క చోట పుట్టలేదు, మెట్టుమెట్టునా పేరుకుంది.

నివేదికల్లో "నేరచరిత్రను, అభియోగ తీవ్రతను లెక్కలోకి తీసుకున్నాక అంతరం తగ్గింది" అన్న వాక్యం కనిపిస్తే, హారం 1,000 నుంచి 300కు, 400కు జారిందని గుర్తించండి. అది న్యాయమైన పోలికే కావచ్చు. ఒకే రకమైన కేసులను పోల్చాలన్నది సబబైన కోరికే. కానీ మొదటి మెట్టు ఆ వాక్యంలో మాయమైంది. సమాఖ్య గ్రాంటుతో నడిచే డ్రగ్ కోర్టుల్లోకి హింసాత్మక నేరస్థులను తీసుకోరాదని 1994 చట్టం నిబంధన పెట్టింది. పాత కేసులు ఎవరి పేరిట ఎక్కువగా నమోదయ్యాయన్నది పోలీసులు ఏ పేటల్లో ఎక్కువగా తిరిగారన్నదానిపై కూడా ఆధారపడుతుంది. తీవ్రత సంగతీ అంతే. 1986 నాటి సమాఖ్య చట్టం 5 గ్రాముల క్రాక్‌కూ (కొకెయిన్‌నే పొగగా పీల్చే గడ్డల రూపం) 500 గ్రాముల పొడి కొకెయిన్‌కూ ఒకే ఐదేళ్ల కనీస శిక్ష విధించింది. క్రాక్ కేసుల్లో శిక్ష పడినవారిలో అత్యధికులు నల్లజాతివారు. 2010లో ఆ 5 గ్రాములు 28 అయ్యాయి. ఇలా శాసనమే కొలిచి పెట్టిన "తీవ్రత"ను తటస్థమైన కొలతగా స్వీకరించాలా వద్దా అన్నది గణితం తేల్చే విషయం కాదు, పాఠకుడే అడగాలి.

హారం దొరకకపోతే ఏమవుతుందో 1996లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన ఆర్మ్‌స్ట్రాంగ్ కేసులో చూడవచ్చు. జాతిని బట్టే తమను ఎంచి కేసులు పెట్టారన్నది అందులో నిందితుల వాదన. అది చికిత్స గురించిన కేసు కాదు గానీ మన పాఠానికి సరిగ్గా సరిపోతుంది. లాస్ ఏంజెలిస్ ప్రాంతంలోని సమాఖ్య పబ్లిక్ డిఫెండర్ (లాయరును పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే ప్రభుత్వ న్యాయవాది) కార్యాలయం 1991లో ముగించిన, నిర్దిష్ట మాదకద్రవ్య సెక్షన్ల కింద నమోదైన 24 కేసుల్లోనూ నిందితులు నల్లజాతివారేనని డిఫెన్సు చూపింది. ప్రాసిక్యూషన్ దస్త్రాలు ఇప్పించడానికి అది చాలదన్నది కోర్టు నిర్ణయం. అదే పరిస్థితిలో ఉండి కూడా విచారణకు గురికాని ఇతర జాతులవారిని చూపాలని కోరింది. మన భాషలో చెప్పాలంటే, లవం ఉంది, హారం తెమ్మంది. కేసే పెట్టని మనిషికి దస్త్రం ఎక్కడుంటుంది? ఉన్నా అది ఎవరి బీరువాలో ఉంటుంది? ఈ తీర్పు నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

ఇంటిపని: మన కల్పిత కౌంటీలో చికిత్స పూర్తిచేసినవారు నల్లజాతిలో 45, తెల్లజాతిలో 150 మంది. పంపినవారిని హారంగా తీసుకుని ఒకసారి, అరెస్టయినవారిని హారంగా తీసుకుని మరొకసారి నిష్పత్తి కట్టండి. మొదటిది 0.6, రెండోది 0.3 రావాలి. రాకపోతే మెట్ల గుణకారం దగ్గరకు తిరిగి వెళ్లి 0.75, 0.67 పక్కన మూడో సంఖ్యను చేర్చి చూడండి. తర్వాత, ఈ రెండింటిలో కోర్టు తన వార్షిక నివేదికలో ఏది వేసుకుంటుందో ఒక వాక్యంలో, ఎందుకో మరో వాక్యంలో రాసి పెట్టుకోండి. 5వ పాఠం ఆ రెండో వాక్యంతో మొదలవుతుంది.