నాలుగు కొలతల గేముకు గళ్ల కాగితం

పొడవు, వెడల్పు, ఎత్తులకు తోడు నాలుగో దిక్కులో కూడా కదిలే నాలుగు కొలతల గేముల్లో పెద్ద చికాకు దారి తప్పడం. నాలుగో దిక్కులో ఒక్క అడుగు వేస్తే ఎదురుగా ఉన్న గోడే మాయమవుతుంది, మళ్లీ వెనక్కి ఎట్లా రావాలో తెలీదు. తిరుపతిలో మా అక్క కొడుకుతో కలిసి చిన్న చిక్కుదారి గేము తయారుచేస్తుంటే ఈ పద్ధతి దొరికింది. కంప్యూటర్ తెరవకముందే లెవెల్ సరిచూసుకోవచ్చు.

గళ్ల కాగితం మీద 3×3 చదరాలు తొమ్మిది గీయండి, వరసకు మూడు. మొత్తం 81 గళ్లు. ఒకే చదరంలో తిరిగితే మామూలు రెండు దిక్కులు. పక్క చదరంలో అదే గడికి పోతే మూడోది, అంటే ఎత్తు. కింది చదరంలో అదే గడికి పోతే నాలుగోది. గోడలున్న గళ్లను పెన్సిల్‌తో నింపేసి, ఒక చింతగింజను ఆటగాడిగా పెట్టి నడపండి. ఒకసారికి ఒక దిక్కే. మావాడు మొదట్లో గింజను పక్కకీ కిందికీ కలిపి ఒకేసారి దూకించేవాడు. గోడలు గీయకముందు నట్టనడి గడి నుంచి 8 దారులు లెక్క తేలాలి.

గడిగడికీ కదిలే గేములకే ఇది పనికొస్తుంది. ఫోర్‌డీ గోల్ఫ్ లాగా దృశ్యాన్ని ఏ కోణంలోనైనా తిప్పే వాటిలో కోత, అంటే తెర మీద కనబడే ముక్క, ఏటవాలుగా పడుతుంది, గళ్లకు అందదు. ఒక్కో దిక్కుకు 3 బదులు 4 గళ్లు పెట్టుకున్నా మొత్తం 256 అవుతాయి, ఒక్క పేజీలో గింజ కదపడానికి చోటుండదు.