అంత్యక్రియల్లో ఒక్కరే పైప్స్ వాయించాల్సి వస్తే

ఇక్కడ స్కాట్లాండ్‌లో, స్టిర్లింగ్ ఊరి చుట్టుపక్కల, బ్యాగ్‌పైప్స్ (చంకలో తిత్తి నొక్కుతూ ఊదే వాద్యం) వాయించే పైప్ బ్యాండ్లలో చేరిన మన తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "బ్యాండ్‌తో అయితే పర్వాలేదండీ, అంత్యక్రియలకి ఒక్కణ్నే రమ్మన్నారు, టెన్షన్‌గా ఉంది." వాళ్లకి నేను చెప్పేది, వేళ్ల కంటే కాళ్ల గురించి ఎక్కువ ఆలోచించమని. హైలాండ్ బ్యాగ్‌పైప్‌ని మెల్లగా వాయించడం కుదరదు. మోగితే నిండు గొంతుతోనే మోగుతుంది. శబ్దం తగ్గాలంటే మీరే దూరం జరగాలి.

అందుకే ముందురోజే శ్మశానానికి వెళ్లి ఆ దారంతా ఒకసారి నడవండి. తడి గడ్డి మీద బూట్లు జారతాయి. సమాధి పక్కనే నిలబడకండి, ఏడుస్తున్నవాళ్ల చెవుల్లో మోగించినట్టుంటుంది. కాస్త ఎత్తు మీద, మీ వైపు నుంచి జనం వైపు గాలి వీచే చోటు చూసుకోండి.

అసలు కష్టం శ్రుతి దగ్గర. పైప్స్‌లో నాలుగు రీడ్లు (గాలికి కంపించి మోగే సన్న పుల్లలు) ఉంటాయి: పాట పలికే చాంటర్‌కి ఒకటి, ఆగకుండా శ్రుతి పట్టే మూడు డ్రోన్లకి మూడు. మన పల్లెల్లో శ్రుతికి ఊదే తిత్తి చూసినవాళ్లకి ఈ డ్రోన్ల పని వెంటనే అర్థమవుతుంది. చలికి చాంటర్ స్వరం దిగిపోతుంది, డ్రోన్లు అదే లెక్కన దిగవు, రెండూ విడిపోతాయి. ఇంటివాళ్లకి వినబడనంత దూరంలో పది పదిహేను నిమిషాలు వాయించి, శ్రుతి నిలబడ్డాక సరిచూసుకోండి. తర్వాత పాదిరిగారు మాట్లాడుతున్నంతసేపూ మళ్లీ చల్లబడుతుంది కదా, అప్పుడు చాంటర్ ఊడదీసి, రీడ్‌కి మూత పెట్టి, కోటు లోపల ఒంటికి ఆనించి ఉంచుకోండి. చివరి ప్రార్థన మొదలవగానే బిగించండి. చేతి గ్లవ్స్ కూడా అప్పుడే తియ్యాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలో ఫ్యునరల్ డైరెక్టర్‌తో, అంటే అంత్యక్రియల ఏర్పాట్లు చూసేవాళ్లతో, ముందే సైగ ఖాయం చేసుకోండి. స్కాట్లాండ్‌లో శవపేటికని దగ్గరి బంధువులే తాళ్లు పట్టి దించుతారు. ఆ తాళ్లు వదిలేదాకా, ప్రార్థన అయ్యేదాకా ఆగమంటాను నేను. మొదలు శుభ్రంగా ఉండాలి: తిత్తి నిండా ఊది, అరచేత్తో ఒక్క చరుపు చరిస్తే డ్రోన్లు అందుకుంటాయి, వెంటనే మోచేతి ఒత్తిడి పెంచితే చాంటర్ పలుకుతుంది. ఇక్కడ తడబడితే వచ్చే కీచు అందరికీ గుర్తుండిపోతుంది. ఈ ఒక్కటీ రోజూ సాధన చెయ్యండి.

ఏ ట్యూన్ అన్నది ఇంటివాళ్ల ఇష్టం. ఎక్కువమంది అడిగేది 'అమేజింగ్ గ్రేస్' అనే క్రైస్తవ కీర్తన. 1972లో రాయల్ స్కాట్స్ డ్రగూన్ గార్డ్స్ అనే సైనిక దళం బ్యాండ్ రికార్డు బ్రిటన్‌లో నంబర్ వన్ అయినప్పట్నుంచీ అది పైప్స్ పాటగా జనంలో పడిపోయింది. 'ఫ్లవర్స్ ఆఫ్ ది ఫారెస్ట్' అడిగితే మాత్రం జాగ్రత్త. 1513లో ఇంగ్లండ్‌తో జరిగిన ఫ్లొడెన్ యుద్ధంలో స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్‌తో పాటు చనిపోయినవాళ్ల కోసం పాడుకునే శోకగీతం అది. చాలామంది పైపర్లు అంత్యక్రియల్లో, స్మారక సభల్లో తప్ప దాన్ని బయట వాయించరు. సాధన కూడా ప్రాక్టీస్ చాంటర్ (తిత్తి, డ్రోన్లు లేకుండా నోటితో ఊదే చిన్న గొట్టం) మీదే. ఆ మర్యాద మీరూ పాటించండి. ఏదైనా నిదానంగా వాయించండి, ఒకసారి, మహా అయితే రెండుసార్లు.

ముగింపుకి రెండు దారులున్నాయి. నిలబడి ఆపితే మోచెయ్యి, ఊపిరి ఒక్కసారే వదలాలి, లేకపోతే డ్రోన్లు మూలుగుతాయి. నాకు నచ్చేది రెండోది, వాయిస్తూనే నడిచి వెళ్లిపోవడం. 2022 సెప్టెంబరు 19న వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో ఎలిజబెత్ రాణి అంత్యక్రియల చివర పైప్ మేజర్ పాల్ బర్న్స్ చేసింది అదే. ఆ వీడియోలో ఆయన అడుగుల వేగం గమనించండి. మీరు కూడా మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆపకండి.

డబ్బు సంగతి ముందే డైరెక్టర్‌తో తేల్చుకోండి, ఆ రోజు ఇంటివాళ్ల దగ్గర ఎత్తొద్దు. తర్వాత టీకి పిలిస్తే వెళ్లండి. వాయించిన ట్యూన్ పేరు ఎవరో ఒకరు అడుగుతారు, చిన్న కార్డు మీద రాసి జేబులో ఉంచుకుంటే వాళ్ల చేతికి ఇవ్వొచ్చు.