దుమ్ములో పనిచేసిన మనిషి ఊపిరితిత్తుల్లో గడ్డ కనిపిస్తే

కరీంనగర్‌లో నాది జిరాక్స్ షాపు. దవాఖానలున్న వీధి కావడంతో రోజూ ఎవరో ఒకరు రిపోర్టుల కట్ట పట్టుకుని వస్తారు. వచ్చినవాళ్లు గ్రానైట్ క్వారీల్లోనో కంకర మిషన్ల దగ్గరో పనిచేసినవాళ్లని తెలిస్తే కాపీలు తీసి పంపేయలేను. మా బాపు 22 ఏళ్లు ఆ పనే చేశాడు. ఆయనతో ఆస్పత్రుల చుట్టూ తిరిగి నేర్చుకున్నది వాళ్లకు కూర్చోబెట్టి చెబుతాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

డాక్టరు దగ్గరికి పోయే ముందే, ఏ పని ఎన్నేళ్లు చేశారో ఒక కాగితం మీద రాసుకోండి. బాపుకు దగ్గు, ఆయాసం మొదలైనప్పుడు ఒక దవాఖానలో ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు. కళ్లె పరీక్ష చేయకుండానే ఆరు నెలలు మందులు వాడించారు. తగ్గలేదు. తర్వాత ఇంకో చోట మళ్లీ అదే కోర్సు. చివరికి హైదరాబాద్‌లో ఒక ఛాతీ డాక్టరమ్మ ఎక్స్‌రే చూడకముందే "ఏం పని చేసేటోనివి పెద్దాయనా?" అని అడిగింది. "కూలి పని, అమ్మా" అన్నాడు బాపు. ఆ ఒక్క మాటలో 22 ఏళ్ల రాతిపొడి కనబడకుండా పోయింది. ఆమె వదలకుండా అడిగింది కాబట్టి బయటికొచ్చింది.

అందుకని "కూలి" అని రాయకండి. మా కాగితంలో ఇలా ఉంది: "1994 నుంచి 2005 దాకా గ్రానైట్ క్వారీలో జాక్‌హామర్‌తో డ్రిల్లింగ్, నీళ్లు కొట్టకుండా. 2005 నుంచి 2016 దాకా కంకర మిషన్ జల్లెడ దగ్గర, రోజుకు 9 గంటలు. మూతికి రుమాలు తప్ప ఏమీ లేదు. బీడీలు రోజుకు ఒక కట్ట, 30 ఏళ్లు." పని మానేసి పదేళ్లు దాటినా రాయాల్సిందే. రాతిపొడిలోని సిలికా లోపలికి పోతే అక్కడే ఉండిపోయి ఊపిరితిత్తిని గట్టిపరుస్తూనే ఉంటుంది. ఆ జబ్బునే సిలికోసిస్ అంటారు. బీడీల లెక్క సిగ్గుపడి తగ్గించొద్దు. సిలికాకు పొగ తోడైతే క్యాన్సర్ ముప్పు ఇంకా పెరుగుతుంది. సిలికా దుమ్ము ఒక్కటే అయినా, మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి గ్రూపులో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 1997లోనే చేర్చింది.

కళ్లె పరీక్ష అడిగి చేయించుకోండి. కళ్లెలో టీబీ క్రిమి ఉందో లేదో తేల్చే సీబీనాట్ పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. మా అనుభవం చదివి టీబీ మందులు మీ అంతట మీరు మానేశారంటే ప్రాణం మీదికి వస్తుంది. సిలికా పేరుకున్న ఊపిరితిత్తికి టీబీ మామూలు కన్నా తొందరగా పట్టుకుంటుంది. రెండూ కలిసి ఉండే మనుషులు చాలామంది.

పాత ఎక్స్‌రేలు, సీటీ సీడీలు ఒక్కటి కూడా పారేయకండి. మడతపెట్టకండి, వాటి మీద పెన్నుతో రాయకండి. బాపు సంగతి తేల్చింది అవే. సిలికోసిస్ అని తేల్చడానికి సాధారణంగా పరీక్షకు ముక్క తీయాల్సిన (బయాప్సీ) పని ఉండదు. చేసిన పని, ఎక్స్‌రేలో రెండు పక్కలా పైభాగంలో చిన్న చిన్న గుండ్లు, ఇవి సరిపోతాయి. ముదిరితే ఆ గుండ్లు కలిసిపోయి పెద్ద గడ్డలవుతాయి. వాటికీ క్యాన్సర్‌కూ ఒక్క ఫిల్ములో తేడా చెప్పడం డాక్టర్లకే కష్టం. చురుగ్గా ఉన్న కణాలు వెలిగి కనిపించే పెట్ స్కాన్‌లో గడ్డ వెలిగింది కదా, క్యాన్సరే అనుకోవద్దు. సిలికోసిస్ గడ్డలూ, టీబీ కూడా వెలుగుతాయి. బాపు పాత సీటీ పక్కన కొత్తది పెట్టి చూస్తే, మిగతావన్నీ ఉన్నచోటే ఉన్నాయి, కుడిపక్క పైన ఒక్కటి మాత్రం ఏడాదిలో సెంటీమీటరు నుంచి రెండున్నరకు పెరిగింది. ఆ ఒక్కదాని నుంచే సూదితో ముక్క తీశారు. అప్పుడు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంటుంది, కాబట్టి ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచమంటే ఉండండి. రిపోర్టు వచ్చింది: స్క్వామస్ అనే రకం ఊపిరితిత్తి క్యాన్సర్, మొదటి దశ.

క్యాన్సర్ అనగానే మా చిన్నాయిన "ఆపరేషన్ చేసి తీసేయమను" అన్నాడు. అందరికీ తోచేది అదే. కానీ సిలికోసిస్ ఉన్న మనిషిలో గడ్డ తీస్తే, మిగిలిన ఊపిరితిత్తి ఆయన్ను మోస్తుందా అనేది ముందు తేలాలి. స్పైరోమెట్రీ (గొట్టంలో ఊదించి ఊపిరి కొలిచేది), డీఎల్‌సీఓ (ఊపిరితిత్తి నుంచి గాలి రక్తంలోకి ఎంత బాగా పోతుందో కొలిచేది), ఆరు నిమిషాల నడక పరీక్ష అడిగేది అందుకే. బాపు నాలుగు నిమిషాలకే కూర్చున్నాడు. సర్జన్, రేడియేషన్ డాక్టరు, ఛాతీ డాక్టరు, మందుల క్యాన్సర్ డాక్టరు కలిసి కూర్చుని మాట్లాడే ట్యూమర్ బోర్డులో మీ కేసు పెట్టమని నోరు తెరిచి అడగండి. బాపుకు ఆపరేషన్ వద్దని, గడ్డకే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్ 5 సార్లు ఇచ్చారు. దానివల్ల కూడా ఊపిరితిత్తి వాయొచ్చని ముందే చెప్పి, దగ్గు, జ్వరం, ఆయాసం పెరిగితే ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.

దశ ముదిరినవాళ్లకు దారి వేరు. కీమో, రేడియేషన్, ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి తిప్పే మందులు), వీటిలో ఏది అనేది దశను బట్టి, గడ్డ రకాన్ని బట్టి తేలుతుంది. అడినోకార్సినోమా అనే ఇంకో రకం అయితే, గడ్డలో జన్యు మార్పులు చూసే ఈజీఎఫ్‌ఆర్, ఆల్క్ పరీక్షలు చేశారా అని అడగండి. అవి పాజిటివ్ వస్తే మాత్రలే పనిచేయొచ్చు. "ఇది నయం చేయడానికా, అదుపులో పెట్టడానికా?" అన్న ప్రశ్న అడగడానికి నాకు మూడు వారాలు పట్టింది. మీరు మొదటిరోజే అడగండి. నొప్పికీ, ఆయాసానికీ ఉపశమన వైద్యం మొదటి నుంచే తీసుకోవచ్చు, ఆఖరి రోజుల దాకా ఆగక్కర్లేదు.

సిలికోసిస్‌ను కరిగించే మందు లేదు. ఆయుర్వేదం పేరుతో కరిగిస్తామని 40 వేలు అడిగినవాళ్లు మాకూ దొరికారు. అవసరమైతే ఇన్‌హేలర్, ఆక్సిజన్, ఫ్లూ, న్యుమోనియా టీకాలు, ఊపిరి కసరత్తులు, బీడీ మానడం, మళ్లీ దుమ్ములోకి పోకపోవడం, ఉన్నవి ఇవే.

పరిహారం సంగతి కూడా చూసుకోండి. సిలికోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి, ఆ జబ్బును కనిపెట్టిన డాక్టరు అధికారులకు రాసి తెలియజేయాలి. డిశ్చార్జి కాగితంలో "సిలికోసిస్" అని స్పష్టంగా రాయించుకోండి. మస్టరులో (పని దగ్గరి హాజరు పట్టీలో) పేరు లేకపోతే తోటి పనివాళ్ల వాంగ్మూలాలు పెట్టుకోండి. బాపు ఫైలులో ఇద్దరు సాక్షి సంతకాలు చేశారు. వాళ్లలో ఒకాయనకు ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. నిన్న సాయంత్రం షాపులో కూర్చుని ఆయన కాగితం కూడా రాశాం, 1998 నుంచి.