బ్యాటరీ దిగిపోయి కారు తలుపు తెరుచుకోకపోతే

సంక్రాంతికి ఊరెళ్లి, తొమ్మిది రోజుల తర్వాత తెల్లవారుజామున ఐదింటికి కూకట్‌పల్లిలో బస్సు దిగాం. చేతిలో అరిసెల డబ్బా, భుజాన రెండు బ్యాగులు, నిద్ర కళ్లతో పిల్లలు. ఫ్లాట్ తాళాలు దారిలో ఎక్కడైనా పోతాయేమోనని కారు డాష్‌బోర్డు అరలో పెట్టి వెళ్లిన తెలివి నాదే. సెల్లార్‌లోకి దిగి రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కారు చుట్టూ తిరిగి నొక్కాను, దగ్గరగా పెట్టి నొక్కాను, రిమోట్‌ని ప్యాంటుకు తుడిచి మరీ నొక్కాను. చీపురు పట్టుకుని చూస్తున్న వాచ్‌మన్ చివరికి ఆగలేక, "సార్, గట్ల ఎన్నిసార్లు ఒత్తినా రాదు. రిమోట్ల చాబి ఉంటది, గుంజుండ్రి" అన్నాడు. రోజూ పొద్దున పాతిక కార్లు తుడిచే మనిషి. వాటి తలుపుల సంగతి ఓనర్ల కంటే ఆయనకే బాగా తెలుసు.

ఆ రోజు నేర్చుకున్నవీ, తర్వాత మెకానిక్ దగ్గర నిలబడి చూసినవీ కలిపి రాస్తున్నాను.

సమస్య: రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోదు. దిగింది ఏ బ్యాటరీ?

ఇక్కడ ఉన్నవి రెండు బ్యాటరీలు. రిమోట్‌లో 3 వోల్టుల బటన్ సెల్, బ్యానెట్ కింద 12 వోల్టుల బ్యాటరీ. ఏది దిగినా బయటికి ఒకేలా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే తప్పు బ్యాటరీ వెంట పడి గంట పోగొట్టుకుంటారు.

అద్దానికి ముఖం ఆనించి డాష్‌బోర్డు వైపు చూడండి. చాలా కార్లలో లాక్ చేశాక ఎర్ర లైటు ఒకటి కొన్ని సెకన్లకోసారి మెరుస్తుంటుంది. అది మెరుస్తుంటే కారుకు ప్రాణం ఉన్నట్టే, రిమోట్ సెల్ అయిపోయింది. అది చీకటిగా ఉండి, ఇంట్లో ఉన్న రెండో రిమోట్‌కీ కారు పలకకపోతే కారు బ్యాటరీయే దిగింది. రెండు రిమోట్లూ ఒకేరోజు చావడం అరుదు.

ఇంకో సంగతి. ఏదో ఒక్క చోట మాత్రమే రిమోట్ పనిచేయక, నాలుగడుగులు అవతలికి వెళ్తే పనిచేస్తుంటే రెండు బ్యాటరీలూ బాగున్నట్టే. మన దగ్గర ఎక్కువ రిమోట్లు 433 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడతాయి. చుట్టుపక్కల అదే తరంగం మీద ఇంకేదైనా పరికరం వాగుతుంటే కారుకు మీ మాట వినపడదు. రిమోట్‌ని తలుపుకు ఆనించి నొక్కితే చాలు.

కారణం: రిమోట్ సెల్ అయిపోయింది

ఇది చిన్న పని. ఎక్కువ రిమోట్లలో ఉండేది సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, అందుకే ఆ నంబరు. వాచీల షాపులో దొరుకుతుంది. పాతదాని మీద ఉన్న నంబరే అడిగి తీసుకోండి. 2025 కూడా అంతే వెడల్పు కాబట్టి కూర్చుంటుంది గానీ, పలచన. ఈరోజు పనిచేసి రేపు మొరాయిస్తుంది.

సెల్ దొరికేదాకా కారు నడపలేమా అంటే నడపొచ్చు. తలుపును రిమోట్‌లోనే దాగి ఉండే ఇనుప తాళంచెవితో తీయండి (ఎలాగో కింద ఉంది). హారన్ మోగినా కంగారు పడకుండా లోపల కూర్చుని, రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కు ఆనించి బ్రేకు తొక్కి ఆ రిమోట్‌తోనే బటన్ నొక్కండి. రిమోట్ లోపలి చిప్‌కు కావలసిన కాస్త కరెంటును కారే అందిస్తుంది, సెల్‌తో పనిలేదు. కొన్ని కార్లలో ఆనించాల్సిన చోటు బటన్ కాదు, కప్పు పెట్టే గుంట దగ్గరో స్టీరింగ్ కాలమ్ పక్కనో ఉంటుంది. మాన్యువల్‌లో బొమ్మతో సహా వేసి ఉంటుంది.

కారణం: కారు బ్యాటరీయే దిగింది

రిమోట్ అంచున చిన్న గొళ్లెం ఉంటుంది. దాన్ని జరిపి లాగితే సన్నటి ఇనుప చెవి బయటికి వస్తుంది. ఇక అది దూర్చాల్సిన కన్నం ఎక్కడ? కొన్ని కార్లలో డ్రైవర్ తలుపు హ్యాండిల్ పక్కన ఎదురుగానే కనిపిస్తుంది. నా కారులో కనిపించలేదు. హ్యాండిల్ చివర, కారు రంగే వేసిన చిన్న ప్లాస్టిక్ మూత ఉంది. ఇన్నాళ్లూ అది హ్యాండిల్‌లో భాగమే అనుకున్నాను. వాచ్‌మన్ ఫోన్ లైటు పట్టుకుంటే వంగి చూశాను. మూత అడుగున గోరు పట్టేంత చీలిక. ఎడమ చేత్తో హ్యాండిల్ లాగి పట్టుకుని, చెవి మొనను ఆ చీలికలో పెట్టి పైకి ఎత్తాను. టక్కుమని మూత ఊడి కింద పడి, పక్క కారు కిందికి దొర్లింది. లోపల సాలెగూడు, నాలుగేళ్ల దుమ్ము, వాటి మధ్య వెండి రంగు కన్నం.

చెవి పెట్టి తిప్పితే లోపల కడ్డీ లేచిన చప్పుడు వస్తుంది. ఒకవైపు తిరగకపోతే రెండోవైపు చూడండి. కొన్నిటిలో హ్యాండిల్ లాగి పట్టుకుని తిప్పాలి. ఒక్క డ్రైవర్ తలుపే తెరుచుకుంటుంది. కరెంటు లేదు కాబట్టి సెంట్రల్ లాక్ కదలదు. మిగతా తలుపులు లోపల నుంచి చేత్తో తీసుకోవాల్సిందే. డిక్కీ చాలా కార్లలో కరెంటు వచ్చేదాకా రాదు. అత్యవసరమైతే వెనక సీటు మడిచి లోపల నుంచి చేయి పెట్టాలి.

మూత ఊడదీసేటప్పుడు మొనకు పలచని గుడ్డ చుట్టండి. నేను చుట్టలేదు, గీత ఇప్పటికీ ఉంది.

చెవి దూరింది గానీ తిరగడం లేదు

ఏళ్ల తరబడి వాడని తాళం. దుమ్ము, వాన, వాటర్ సర్వీసింగ్ నీళ్లు అన్నీ అందులోకే పోతాయి. బలంగా తిప్పొద్దు. ఆ చెవి పలచన, విరిగిందంటే సగం లోపలే ఉండిపోతుంది. డబ్ల్యూడీ-40 లాంటిది కొంచెం కన్నంలోకి కొట్టి, రెండు నిమిషాలు ఆగి, చెవిని పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించి, అప్పుడు తిప్పండి. తలుపును తొడతో లోపలికి నెట్టి పట్టుకుంటే లాక్ మీద ఒత్తిడి తగ్గి సులువుగా కదులుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారైతే ముందు రిమోట్‌లో చెవి ఉందో లేదో చూసుకోండి. చెవి జారిపోయి ఖాళీ అర మిగిలిన రిమోట్లూ, వేరే చెవి ఇరికించినవీ రెండూ చూశాను. కొనేటప్పుడు గీతల గురించి గంటసేపు బేరమాడతాం, ఇది మాత్రం అడగం.

చెవే లేదు, లేదా రిమోట్ లోపలే ఉండిపోయింది

అద్దం సందులోంచి స్కేలు దూర్చి తీసే విద్య పాత కార్లది. ఇప్పుడు తలుపుల్లో లాక్ చుట్టూ రేకు కప్పు ఉంటుంది, వైర్లుంటాయి, కొన్నిటిలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లుంటాయి. స్కేలుతో లోపల కెలికితే పోయేది లాక్ ఖర్చు ఒక్కటే కాదు. కోఠి ఫుట్‌పాత్‌ల మీద కూర్చునే చాబీవాలాల్లో పనిమంతులున్నారు. అయితే మీ మోడల్ తీశారా అని ముందే అడిగి, ఆర్సీ చూపించి పిలవండి. ఆర్సీ అడగని చాబీవాలాని నేనైతే నమ్మను.

మెకానిక్‌ల దగ్గర ఇంకో దారి ఉంది. కారును లేపి, కింద నుంచి స్టార్టర్ మోటార్ దగ్గరికి వచ్చే లావు పాజిటివ్ వైరుకు బయటి బ్యాటరీ తగిలించి, కారుకు కరెంటు తెప్పించి, రిమోట్‌తో తలుపు తీస్తారు. ఆ వైరుకు చాలా కార్లలో మధ్యలో ఫ్యూజ్ ఉండదు. క్లిప్పు జారి బాడీకి తగిలిందా, నిప్పులే. చూసి నేర్చుకున్నాను గానీ నా చేత్తో చేయను.

లోపల పసిబిడ్డ ఉంటే ఇవేవీ వద్దు. మన ఎండల్లో మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. ఒకరు 112కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు బిడ్డకు దూరంగా ఉన్న పక్క అద్దం పగలగొట్టాలి. మధ్యలో కాదు, మూలన కొట్టండి. ముందు అద్దం జోలికి వెళ్లొద్దు, అది బీటలు వారుతుంది తప్ప ఊడిరాదు.

తలుపు తెరుచుకుంది, సెల్ఫ్ కొట్టడం లేదు

స్టీరింగ్ కింద బ్యానెట్ లివర్ ఉంటుంది. తీగతో పనిచేసేది కాబట్టి కరెంటు లేకున్నా లేస్తుంది. పక్క ఫ్లాట్ అన్నయ్యను లేపి, ఆయన కారును ఎదురుగా పెట్టించాను. ఆ బ్యాటరీ కరెంటును రెండు లావు కేబుల్స్‌తో మన కారుకు అందించడాన్నే జంప్ ఇవ్వడం అంటారు. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు. ఎర్ర కేబుల్ ముందు మన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత వాళ్ల పాజిటివ్‌కు. నల్లది వాళ్ల నెగటివ్‌కు, చివరి కొస మాత్రం మన బ్యాటరీకి కాదు, దానికి దూరంగా ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకు. ఆఖరి క్లిప్పు పెట్టేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ రావొచ్చు కాబట్టి ఆ రవ్వ దాని నెత్తిన పడకూడదు. వాళ్ల కారు ఐదు నిమిషాలు నడిపించి, అప్పుడు మనది స్టార్ట్ చేయాలి. కేబుల్స్ తీయడం దీనికి తిరగేసిన వరసలో.

ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. తలుపు చెవితో తీశాం కాబట్టి కారు దృష్టిలో మనం దొంగలమే. ఆఖరి క్లిప్పు తగలగానే నా కారు అలారం మొదలెట్టింది. తెల్లవారకముందు, సెల్లార్‌లో, ఐదంతస్తులకూ వినపడేలా! రిమోట్ చేతిలోనే పెట్టుకుని వెంటనే అన్‌లాక్ నొక్కండి, ఆగిపోతుంది. కరెంటు రాగానే తమంతట తామే లాక్ పడే కార్లూ ఉన్నాయి. అందుకే రిమోట్ సీటు మీద పెట్టి దిగకండి.

తోసి స్టార్ట్ చేద్దామనే మాట ఎవరో ఒకరు అంటారు. ఆటోమేటిక్‌కు అది కుదరదు. గేర్ల బండైనా బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఇంధనం చిమ్మే కంప్యూటర్‌కే కరెంటు ఉండదు, ఎంత తోసినా చెమట తప్ప ఏమీ రాదు.

ఎలక్ట్రిక్ కారుకూ ఇదే తలనొప్పి. కింద పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, తాళాలనూ కంప్యూటర్లనూ నడిపేది వేరే 12 వోల్టుల బ్యాటరీ. అది దిగితే తలుపూ తెరుచుకోదు, బండీ ఆన్ కాదు. దానికి జంప్ ఇవ్వడం మాన్యువల్ చూసి చేయాల్సిన పని.

ఎందుకు దిగింది?

నా విషయంలో కరెంటు దొంగ డాష్‌క్యామే, అంటే ముందు అద్దం దగ్గర పెట్టి దారిని రికార్డు చేసే కెమెరా. పార్కింగ్‌లోనూ రికార్డు చేసేలా నేరుగా బ్యాటరీకి కలిపించుకున్నాను. లెక్క చూడండి: అది పావు ఆంపియర్ తాగినా రోజుకు 6 ఆంపియర్-అవర్లు. నా చిన్న పెట్రోల్ కారు బ్యాటరీ 35. అంటే ఆరు రోజులకు సున్నా, సెల్ఫ్ కొట్టే బలం అంతకు ముందే పోతుంది. డాష్‌క్యామ్ లేని కారు కూడా అలారానికీ గడియారానికీ కొంచెం వాడుకుంటూనే ఉంటుంది. అది 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే రెండు మూడు వారాలు నెట్టుకొస్తుంది.

కదలని కారుకు ఇదొక కారణమైతే, బ్యాటరీ వయసు రెండోది. మన ఎండలు దాన్ని త్వరగా ముసలిదాన్ని చేస్తాయి. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా బూజు పట్టినట్టుంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు ఉండాలి. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తుండగా 14 దగ్గర లేకపోతే తప్పు బ్యాటరీది కాదు, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ది. కొత్త బ్యాటరీ కొన్నా వారానికి మళ్లీ సెల్లార్‌లోనే నిలబడతారు.

జంప్ ఇచ్చాక సెల్లార్‌లోనే ఇంజిన్ ఆన్ చేసి ఏసీలో కూర్చుంటే సరిగా ఎక్కదు, పైగా ఆ పొగ అక్కడే ఉండిపోతుంది. బయటికి తీసి ఓ గంట ఆగకుండా నడపండి. ఛార్జర్ దొరికితే రాత్రంతా పెట్టడం ఇంకా మేలు.

డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్ తీసేయించాను. వారం దాటి ఊరెళ్లేటప్పుడు మిగతా తలుపులు లోపల నుంచి లాక్ చేసి, 10 నంబర్ పానాతో నెగటివ్ టెర్మినల్ విప్పి, డ్రైవర్ తలుపుకు ఆ ఇనుప చెవితోనే తాళం వేస్తున్నాను. వచ్చాక గడియారం మళ్లీ సరిచేసుకోవాలి, పవర్ విండో ఒక్క నొక్కుకు పైదాకా వెళ్లడం మర్చిపోతుంది. ఫ్లాట్ తాళాలు మాత్రం ఇప్పుడు అన్నయ్య వాళ్లింట్లో ఉంటున్నాయి.