కణజాలంలో లోహాల కొలత: అంకె తేడాగా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలి

కాలేయం ముక్కలోనో మూత్రపిండం ముక్కలోనో రాగి, సీసం, క్రోమియం ఎంత ఉన్నాయో కొలిచేటప్పుడు అంకె అనుమానంగా కనిపిస్తే చాలామంది మొదట యంత్రాన్నే తప్పుపడతారు. హన్మకొండలో ఈ పని చేస్తూ నేను గమనించినంతలో, తప్పు చాలాసార్లు నమూనా యంత్రం దాకా చేరకముందే, కత్తి దగ్గరో గిన్నె దగ్గరో జరిగిపోయి ఉంటుంది.

సమస్య: కణజాలం వేయని ఖాళీ గొట్టంలో, అంటే బ్లాంకులో కూడా లోహం కనిపిస్తోంది.

కారణం: కణజాలాన్ని కరిగించే యాసిడ్‌లోని మలినం కావచ్చు, గాజు సామాను నుంచి ఊరిన అల్యూమినియం కావచ్చు, రబ్బరు మూత నుంచో పౌడరు పూసిన గ్లవుజుల నుంచో వచ్చిన జింకు కావచ్చు. మన ప్రాంతంలో వీటన్నిటికన్నా ముందు అనుమానించవలసింది దుమ్మును. కరెంటు పోయి ఏసీ ఆగిపోయిన ఒక మే మధ్యాహ్నం, ఉక్క భరించలేక మాలో ఒకరు కిటికీ రెక్క తీశారు. ఆనాటి మూడు బ్లాంకుల్లోనూ ఇనుము, అల్యూమినియం పెరిగాయి. కిటికీకి దగ్గరగా పెట్టిన గొట్టంలో అన్నిటికన్నా ఎక్కువగా పెరిగాయి. బల్ల మీద తడి కాగితంతో తుడిస్తే ఎర్రచెల్క రంగు అంటుకుంది.

పరిష్కారం: గొట్టాలను, మూతలను 10 శాతం నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, 18.2 మెగాఓమ్ శుద్ధజలంతో కడగాలి. బోరు నీళ్లు చివరి కడుగుకు పనికిరావు. ప్రతి విడతలోనూ కనీసం మూడు బ్లాంకులు పెట్టాలి. బ్లాంకు విలువను తీసివేస్తే లెక్క సరిపోతుందనే వాదన నాకు సమ్మతం కాదు, ఎందుకంటే దుమ్ము అన్ని గొట్టాల్లోనూ సమానంగా పడదు. మూడు బ్లాంకులు ఒకదానితో ఒకటి పొసగకపోతే ఆ విడత మొత్తాన్ని పక్కన పెట్టడమే మేలు.

సమస్య: బ్లాంకు శుభ్రంగా ఉంది, కానీ కణజాలంలో క్రోమియం, నికెల్ జంటగా పెరిగాయి.

కారణం: స్టీలు. స్టెయిన్‌లెస్ స్టీలు అంటేనే క్రోమియం ఉన్న ఉక్కు. ట్రేలకు, పాత్రలకు వాడే సాధారణ రకంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. బ్లాంకును బ్లేడు తాకదు కనుక ఈ దోషం దానిలో కనిపించదు. పరిష్కారంగా టైటానియం కత్తి లేదా సిరామిక్ కత్తి, ప్లాస్టిక్ పట్టకారు వాడాలి. ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్ చేత వాటిని వాడించడం కుదరదు కాబట్టి, వచ్చిన ముక్కను మన దగ్గర టైటానియం కత్తితో చుట్టూ చెక్కి, లోపలి భాగాన్ని మాత్రమే తీసుకోవాలి.

సమస్య: ఐసీపీ-ఎంఎస్‌లో, అంటే నమూనాను వేడి ఆర్గాన్ ప్లాస్మాలో అయాన్లుగా మార్చి ద్రవ్యరాశిని బట్టి లోహాలను లెక్కించే యంత్రంలో, ఆర్సెనిక్ నమ్మలేనంతగా వచ్చింది.

ముక్కను సెలైన్‌తో కడిగారేమో అడగండి. ఉప్పులోని క్లోరిన్ ప్లాస్మాలోని ఆర్గాన్‌తో కలిస్తే ఆర్సెనిక్‌తో సమానమైన 75 ద్రవ్యరాశి వస్తుంది, యంత్రం రెండింటినీ వేరు చేయలేదు. హీలియం మోడ్‌లో, అంటే హీలియం వాయువుతో ఆ జంట అయాన్లను అడ్డుకునే పద్ధతిలో మళ్లీ నడిపితే అంకె పడిపోతుంది.

సమస్య: ఒకే కాలేయానికి రెండు ల్యాబులు మూడు నాలుగు రెట్ల తేడాతో రాగి విలువలు ఇచ్చాయి.

కారణం: ఒకరు తడి తూకం మీద, మరొకరు పొడి తూకం మీద లెక్కించి ఉంటారు. కాలేయంలో సుమారు 70 నుంచి 75 శాతం నీరే. పుట్టుకతో వచ్చిన లోపం వల్ల ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బుకు వాడే హద్దు పొడి గ్రాముకు 250 మైక్రోగ్రాములు. పొడి తూకం మీద 280 ఉన్న రోగి, 75 శాతం నీరున్న ముక్కలో తడి తూకం మీద 70గా కనిపిస్తాడు, ఏమరుపాటున చదివితే జబ్బు లేదనిపిస్తుంది. తేడా ఇంకా మిగిలితే, సిర్రోసిస్ వచ్చిన కాలేయంలో రాగి గడ్డ గడ్డకూ మారుతుందని, సూదితో తీసిన పోగు ఒక్క గడ్డకే ప్రతినిధి కావచ్చని గుర్తుంచుకోవాలి.

పరిష్కారం: తూకం స్థిరపడేదాకా ఎండబెట్టి, రిపోర్టులో పొడి తూకమని స్పష్టంగా రాయాలి. ప్రతి విడతతోపాటు, విలువ ధ్రువీకరించిన ఎద్దు కాలేయం పొడిని కూడా కరిగించి కొలిస్తే తప్పు మనదో నమూనాదో తేలుతుంది.

సమస్య: అంకె సరైనదే, కానీ దాని మీద కట్టిన నిర్ణయం నిలబడటం లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. పైత్యరసం సాగక నిలిచిపోయే జబ్బుల్లోనూ కాలేయంలో రాగి పేరుకుంటుంది కనుక రాగి ఒక్కదాన్ని చూసి విల్సన్ అనరాదు. వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రక్తంలో జింకు తగ్గి రాగి పెరుగుతుంది. మూత్రపిండాలు పాడైనవారిలో అల్యూమినియం బయటికి పోక నిలిచిపోతుంది. అది జబ్బుకు కారణమా, ఫలితమా అన్నది ఆ ఒక్క కొలతతో తేలదు. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే ప్రొటీన్ గారల్లో (ప్లేక్‌లలో) అల్యూమినియం ఉందన్న నివేదికలు చాలాకాలం చర్చలో ఉన్నాయి. 1992లో రంగులు, రసాయనాలు తాకించని మెదడు ముక్కల్ని న్యూక్లియర్ మైక్రోస్కోపుతో చూసినప్పుడు ఆ గారల నడిభాగంలో అల్యూమినియం దొరకలేదు.

అందువల్ల నమూనాతో వచ్చే ఫారంలో వాపును చూపే సీఆర్పీ రక్తపరీక్ష విలువకు, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్‌కు చోటు ఉంచాలి. లోహాలను కాల్చి చేసే భస్మాలు వాడారా అని కూడా అడగాలి. రోగి వెంట వచ్చిన పెద్దమ్మనో చిన్నాయననో నెమ్మదిగా అడిగితే, డాక్టరుకు చెప్పని పొట్లం సంగతి అక్కడే బయటపడుతుంది.