చెన్నైలో చిన్న రీఫర్ బండి ఓనరు బ్రోకరు లేకుండా నేరుగా కంపెనీ లోడ్లు పట్టడం ఎలా?

చెన్నైలో రెండు మూడు రీఫర్ బండ్లు (సరుకును చల్లగా ఉంచే ఫ్రీజర్ బండ్లు) తిప్పే మనవాళ్లను ఎవరిని కదిపినా ఒకటే మాట: పార్టీ, అంటే సరుకు పంపే కంపెనీ, ఎంత కిరాయి ఇస్తోందో మనకు తెలియదు, బ్రోకరు చెప్పిందే రేటు. నిజమే కానీ, రాత్రికి రాత్రి రిటర్న్ లోడు కుదిర్చేదీ, పార్టీ డబ్బు ఆలస్యమైనా అడ్వాన్సు చేతిలో పెట్టేదీ ఆ బ్రోకరే. నేరుగా లోడ్లు పట్టడమంటే ఆ రెండు పనులూ మీ నెత్తిన వేసుకోవడం. అందుకే ముందు ఒక్క బండితో మొదలుపెట్టండి, మిగతావి ఎప్పటిలాగే తిరగనివ్వండి.

1. ఒక సరుకు, ఒక రూటు ఎంచుకోండి

"ఏ సరుకైనా వేస్తాం, ఎక్కడికైనా వెళ్తాం" అని కార్డు మీద రాసుకున్నవాడికి ఏ డిస్పాచ్ మేనేజరూ ఫోన్ చేయడు. ఐస్‌క్రీమ్, ఫ్రోజెన్ రొయ్యలకు మైనస్ 18 డిగ్రీలు లేదా ఇంకా చల్లగా ఉండాలి. చాలా టీకాలు, ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, గడ్డకడితే అవి పనికిరావు. చాక్లెట్‌కు అంత చలి అక్కర్లేదు, కానీ ఎండ తగలకూడదు. మీ యూనిట్ (బండిని చల్లబరిచే యంత్రం), బాడీ ఇన్సులేషన్ మే నెల ఎండలో దేన్ని నిలబెట్టగలవో మీకే తెలుస్తుంది. చేపలు వేసిన బండిలో పాల సరుకు, చాక్లెట్ ఎక్కించనివ్వరని కూడా గుర్తుంచుకోండి.

రూటు విషయంలో తెలుగువాళ్లకు చెన్నై–నెల్లూరు–విజయవాడ దారి, అంటే ఎన్‌హెచ్ 16, చేతికందిన రూటు. గుమ్మిడిపూండి దాటితే తడ, శ్రీసిటీ, నాయుడుపేట ఫ్యాక్టరీలు ఆ దారిలోనే తగులుతాయి. ఇటు తమిళం, అటు తెలుగు రెండూ వచ్చిన డ్రైవరుంటే గేటు దగ్గర సగం గొడవలు అక్కడికక్కడే తీరిపోతాయి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. చెన్నై చేపల రేవు కాశిమేడులో సరుకు పడిపోయే ఆ రెండు నెలల్లోనే ఐస్‌క్రీమ్ వాళ్లకు బండ్లు చాలవు. వాళ్లను కలవాల్సింది ఏప్రిల్‌లో కాదు, ఫిబ్రవరిలో.

2. కాగితాలు

ఆహార సరుకు మోసేవాళ్లకూ ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు కావాలి. ఆ సంస్థ ఫోస్కోస్ పోర్టల్‌లో అప్లై చేయాలి. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, తప్పకుండా చేయించండి, దాని పని చివర్లో చెబుతాను. పది లేదా అంతకన్నా తక్కువ బండ్లున్న ట్రాన్స్‌పోర్టరు పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో టీడీఎస్ కోయరు. బండి ఇన్సూరెన్సు లోపలి సరుకుకు వర్తించదు. దానికి వేరే పాలసీ తీసుకోవాలి, యూనిట్ చెడిపోయి సరుకు పాడైతే అందులో కవర్ అవుతుందా అని ముందే అడగండి.

3. పార్టీలు ఎక్కడ దొరుకుతాయి?

సూపర్ మార్కెట్ ఫ్రీజర్ దగ్గర నిలబడి ప్యాకెట్ల వెనక చదవండి. తయారీదారు పేరు, అడ్రసు దాని మీద ఉంటాయి. ఒక మధ్యాహ్నం తిరిగితే ఇరవై పేర్లు చేతికొస్తాయి. సముద్ర ఉత్పత్తులకైతే ఎంపెడా, పండ్లు కూరగాయలకైతే అపెడా అనే కేంద్ర ప్రభుత్వ ఎగుమతి సంస్థలు ఎగుమతిదారుల వివరాలు ఇస్తాయి. మందులకైతే చెన్నైలోని సీ అండ్ ఎఫ్ ఏజెంట్లను, అంటే కంపెనీ తరఫున సరుకు నిల్వ చేసి పంపేవాళ్లను, కలవాలి.

నన్నడిగితే అన్నిటికన్నా నమ్మకమైన సమాచారం మీ రీఫర్ యూనిట్ మెకానిక్ దగ్గరుంటుంది. ఎవరి బండి ఎన్నిసార్లు చెడింది, ఏ కంపెనీ ఎవరి మీద చిరాకుగా ఉంది, అన్నీ ఆయనకు తెలుసు.

రొయ్యల చెరువుల చుట్టూ మాత్రం తిరగకండి. చెరువు నుంచి ప్లాంటుకు సరుకు ఐసులోనే పోతుంది. ఎగుమతి సరుకు రీఫర్ కంటైనర్లలో ట్రైలర్ల మీద పోర్టుకెళ్తుంది. మీకు పని ఉండేది ప్లాంటు, కోల్డ్ స్టోరేజీ, దేశంలోని డిస్ట్రిబ్యూటర్ల మధ్యే.

బ్రోకరు చూపించిన పార్టీకి వెనక నుంచి కార్డు ఇవ్వడం కూడా వద్దు. మన లారీలు ఆగే మాధవరంలో ఆ మాట సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది.

4. ఎవరిని కలవాలి, ఏమడగాలి?

పర్చేజ్ డిపార్ట్‌మెంటుకు వెళ్తే ఇరవై బండ్లున్నాయా అంటారు. డిస్పాచ్ ఇన్‌చార్జిని కలవండి. రాత్రి పదింటికి బండి రాకపోతే టెన్షన్ పడేది ఆయనే. కాంట్రాక్టు అడక్కండి, స్పేర్ బండిగా పేరు రాసుకోమనండి. ఇలా మెసేజ్ పెడితే చాలు:

"సార్, మాధవరంలో మాకు 20 అడుగుల రీఫర్ ఉంది. మైనస్ 18 నిలబెడుతుంది, పోయిన ట్రిప్పు టెంపరేచర్ రికార్డు పంపుతున్నాను. నెల్లూరు, విజయవాడ రూటులో మీ బండి రాని రోజు ఒక్క ఫోన్ చేయండి. అర్ధరాత్రి అయినా ఎత్తుతాను."

అన్నట్టే ఎత్తాలి. మొదటి లోడు చాలాసార్లు వేరేవాడి బండి బ్రేక్‌డౌన్ అయిన రాత్రే వస్తుంది. అందుకే డేటా లాగర్ (దారి పొడవునా ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం) రికార్డు మీ రేటు కన్నా ముందు మాట్లాడాలి.

5. రేటు, లోడింగు

బండి డీజిలు, టోలు, డ్రైవరు బత్తా, ఈఎంఐ అందరూ లెక్కేస్తారు. యూనిట్ తాగే డీజిలు, ఖాళీగా తిరిగొచ్చే కిలోమీటర్లు మరిచిపోతారు. చెన్నై నుంచి విజయవాడ 450 కిలోమీటర్ల దాకా ఉంటుంది, తిరుగు లోడు లేకపోతే మీ ఖర్చు 900 కిలోమీటర్లకు. అన్‌లోడింగ్ కోసం ఆగినా యూనిట్ నడుస్తూనే ఉండాలి కాబట్టి ఎన్ని గంటల తర్వాత హాల్టింగ్ (బండి ఆగినందుకు ఇచ్చే ఛార్జీ) మొదలవుతుందో, డీజిలు ధర మారితే కిరాయి ఎలా మారుతుందో రేటుతోపాటే రాయించుకోండి.

రీఫర్ యూనిట్ పని ఉన్న చలిని నిలబెట్టడం. వెచ్చటి సరుకును చల్లబరచడం దాని వల్ల కాదు. కాబట్టి బాడీని ముందే చల్లబరచి వెళ్లండి. ఎక్కించేటప్పుడు సరుకు పెట్టె లోపలి ఉష్ణోగ్రతను ప్రోబ్ థర్మామీటర్‌తో చూసి, ఎల్ఆర్ (లారీ రసీదు) మీద రాసి, లోడింగ్ సూపర్‌వైజరు సంతకం తీసుకోండి. మైనస్ 10 దగ్గర ఎక్కించిన సరుకుకు దిగేచోట మీరు జవాబుదారీ కాకూడదు. సంతకం పెట్టనంటే ఫొటో తీసి అప్పుడే డిస్పాచ్‌కు పంపండి.

6. డబ్బు

నేరుగా ఇచ్చే పార్టీల్లో చాలామంది అడ్వాన్సు ఇవ్వరు. డీజిలు డబ్బు మీరే పెట్టుకోవాలి, కనుక ఒక పార్టీ దగ్గర ఎంత బాకీ దాటితే బండి ఆపుతారో మొదటి ట్రిప్పుకు ముందే అనుకోండి. సరుకు ముట్టినట్టు సంతకమైన పీఓడీ అదే రోజు ఫొటో, ఒరిజినల్ కొరియర్.

బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే వడ్డీ ఇవ్వాలి. పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, నంబరు కనిపిస్తే బిల్లు కాస్త ముందుకు కదులుతుంది. అప్పటికీ రాకపోతే ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఆ తర్వాత ఆ గేటు మీకు మళ్లీ తెరుచుకోకపోవచ్చు, అది లెక్కలో పెట్టుకునే చేయండి.