ఎండ పూట డాల్ గొర్రెలు కనపడకపోతే నేనేం చేశాను (నా అనుభవం)

అలాస్కాలో డాల్ గొర్రెల (కొండల్లో తిరిగే తెల్లటి అడవి గొర్రెలు) వేట సీజన్ చాలాచోట్ల ఆగస్టు 10న మొదలవుతుంది. అప్పటికి కొండల మీద మంచు చాలావరకు కరిగిపోయి ఉంటుంది, ఒళ్లంతా తెల్లగా ఉండే జంతువు ఇట్టే దొరికిపోవాలి కదా అనిపిస్తుంది, కానీ పొద్దెక్కేసరికి ఒక్కటీ కనపడదు. నాకూ ఇదే సమస్య.

దారి చూపించింది నీడ. వేడికి పొట్టేళ్లు ఉత్తరం వైపు వాలుల్లో, బండల చాటున, మిగిలిన మంచు పక్కన పడుకుని నెమరేస్తుంటాయి, అందుకని పొద్దున, సాయంత్రం పచ్చిక వాలులు చూసి, మధ్యాహ్నం మాత్రం నీడ ఉన్న చోట్లే వెతకడం మొదలుపెట్టాను. బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్‌కి బిగించడం అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చింది. చూపు కదలకుండా నిలిస్తే చెవి విదిలించినా, తల తిప్పినా పట్టేయొచ్చు. మెరిసే తెలుపు కోసం చూడొద్దు, నీడలో అది నీలంగా, మట్టి అంటితే పసుపుగా ఉంటుంది. చూసిన వాలునే కాసేపాగి మళ్లీ చూడండి, నీడ జరిగితే అవీ లేచి జరుగుతాయి.

కనపడ్డాక స్పాటింగ్ స్కోప్ (దూరంగా ఉన్నదాన్ని పెద్దగా చూపే చిన్న టెలిస్కోప్) తీసి కొమ్ము చూడాలి. జనరల్ సీజన్‌లో (లాటరీ పర్మిట్ అక్కర్లేని మామూలు వేట సీజన్) చాలాచోట్ల కొమ్ము పూర్తి చుట్టు తిరిగిన పొట్టేలునే కొట్టాలి, మధ్యాహ్నం వేడిగాలికేమో ఆ కొమ్ము అలల్లా ఊగుతూ కనిపిస్తుంది, కాబట్టి గాలి చల్లబడేదాకా ఆగండి, అప్పటికీ అనుమానం ఉంటే ట్రిగ్గర్ జోలికే వెళ్లకండి.